పూడ్చిన పంట

ఎదురింటి అక్క చాలా నెలలు నన్ను తన పట్టుపురుగుల ఇంటి గడప దాటనివ్వలేదు. అరుగు మీద కూర్చోబెట్టి కాఫీ ఇచ్చేది, నేను కుట్టిన జాకెట్టు ఒంటికి అతికినట్టుందని మెచ్చుకునేది, లోపలికి మాత్రం రమ్మనేది కాదు. నాకు ఒళ్ళు మండేది. మేము చర్చికి పోయేవాళ్ళం, వాళ్ళు కొబ్బరికాయ కొట్టేవాళ్ళు, ఇంకేం కారణం ఉంటుందని నాకు నేనే తీర్పు చెప్పుకుని లోపల్లోపల ఉడికిపోయాను. నా నోరు ఎక్కువ రోజులు ఊరుకునే రకం కాదు. ఒకనాడు ముఖం మీదే అడిగేశాను. అక్క ముందు తెల్లబోయింది. తర్వాత కొంగు నోటికి అడ్డం పెట్టుకుని నవ్వింది.

"మతం కాదు పాపా, నీ పౌడరు. ఆ వాసన తగిలితే మా పిల్లకాయలు మేత ముట్టవు," అంది.

పిల్లకాయలంటే పురుగులే. ఆ వీధిలో ఎవరూ వాటిని పురుగులనేవారు కాదు. పిల్లకాయలు లేచినాయి, పిల్లకాయలకి జ్వరం వచ్చింది, పిల్లకాయలకి ఆకు చాల్లేదు అనుకునేవారు. కొత్తలో ఆ మాటలు విని ఈ వీధిలో ఇంటింటికీ ఎంతమంది పిల్లలున్నారో, ఎప్పుడూ జ్వరాలేమిటో అని నేను హడలిపోయాను.

నాకెలా తెలుస్తుంది మరి. మాది కోలారు గోల్డ్ ఫీల్డ్స్. మా తాత, మా నాన్న గని అడుగున పనిచేసినవాళ్ళు. మైనింగు లైన్లలో, గని కూలీల వరసిళ్ళలో, పుట్టి పెరిగిన నాకు పైరు సంగతి బొత్తిగా తెలియదు. మా ఊరివాళ్ళు భూమిని పైన దున్నలేదు, అడుగున తొలిచారు. గని మూతపడ్డాక ఊళ్ళో పనెక్కడిది? మా ఆయన కూడా అందరిలాగే పొద్దున రైలెక్కి బెంగళూరు పోయి దీపాలు పెట్టాక వచ్చే బతుకులో పడ్డాడు. కామసముద్రం స్టేషనుకు దగ్గరని, అద్దె తక్కువని ఈ పల్లెకు కాపురం వచ్చాం. పల్లె పేరు చెప్పను. చెప్తే అక్కెవరో తెలిసిపోతుంది, తెలిస్తే ఆమె నన్ను తిడుతుంది. నేను ముందుగదిలో కుట్టుమిషను పెట్టుకుని, వీధిని చూస్తూ జాకెట్లు కుట్టుకునేదాన్ని.

పౌడరు సంగతి తెలిసిన మర్నాడు తలకు నూనె లేకుండా, మొహానికి ఏమీ రాసుకోకుండా పోయాను. గడప ముందు బ్లీచింగ్ నీళ్ళలో తడిపిన గోనెపట్టా ఉంది. దాని మీద కాళ్ళు అద్ది లోపలికి అడుగుపెట్టాను. పొడుగాటి షెడ్డు, పైన సిమెంటు రేకులు, రెండు పక్కలా అరలు, అరల మీద మల్బరీ కొమ్మలు. ఎక్కడో నీళ్ళు పారుతున్న చప్పుడు వినిపించింది. "కుళాయి కట్టెయ్యడం మరిచిపోయారక్కా," అన్నాను. అక్క నా తల పట్టుకుని ఒక అర దగ్గరికి వంచింది. ఆకు కింద తెల్లటి పురుగులు, చిటికెనవేలంత ఒక్కొక్కటి, ఆకు అంచున తల పైనుంచి కిందికి దించుతూ కోసుకు తింటున్నాయి. ఆ చప్పుడు వాటిది. అంత మెత్తటి నోళ్ళన్నీ కలిస్తే అంత శబ్దం.

జ్వరం అంటే ఏమిటో కూడా ఆ షెడ్డులోనే చూశాను. పట్టుపురుగు చర్మం విడిచే ముందు మేత మానేస్తుంది. ఒకటి కాదు, అన్నీ ఒకేసారి. నిన్నటిదాకా హోరుమన్న షెడ్డులో సూది పడితే వినబడేంత నిశ్శబ్దం. ప్రతి పురుగూ తల పైకెత్తి కదలకుండా ఉండిపోతుంది, మా చర్చిలో కళ్ళు మూసుకోండని అయ్యగారు అన్నాక జనం ఉన్నట్టు. అలా నాలుగు జ్వరాలు పడాలి. నాలుగో జ్వరం లేచాక వాటి ఆకలి చూడాలి! బండెడు ఆకు వేసి వెనక్కి తిరిగేలోపల పుల్లలు మిగులుతాయి. ఆ తర్వాత ఒళ్ళు పండి, చంద్రికలనే వెదురు చట్రాల మీదికెక్కి గూళ్ళు కట్టుకుంటాయి. ఆ గూళ్ళు అమ్ముకుంటేనే ఆ వీధికి బియ్యం, బట్ట, పిల్లల బడి.

అక్క పంట నాలుగో జ్వరం లేచిన రోజుల్లోనే గాలివాన వచ్చింది. ఎండలు ముదిరిన కాలం. మధ్యాహ్నం దాకా ఆకు కదల్లేదు. సాయంత్రానికి బూదికోట వైపు ఆకాశం నల్లగా కాదు, పచ్చగా మారింది. నాన్న చెప్పిన గని కథలు ఎన్నో విన్నాను, భూమి లోపల బండలు పగిలితే పైన లైన్లలో గిన్నెలు ఎగిరిపడేవి, అదీ చూశాను. పై నుంచి వచ్చే భయాన్ని మాత్రం అప్పుడే మొదటిసారి చూశాను. ముందు దుమ్ము, వెనకాలే గాలి, గాలిలో నిమ్మకాయలంత వడగళ్ళు. మిషను పక్కనున్న కిటికీలోంచి చూస్తున్నాను. అక్క షెడ్డు ఇంటికి కాస్త అవతల, వీధి చివర, పొలాల వైపు తెరుచుకుని ఉంటుంది. గాలి దాని కిందికి దూరింది. రేకులు వరసగా లేచాయి. ఒక రేకైతే గాల్లో నిలువుగా నిలబడి, ఎటు పోవాలో తేల్చుకుంటున్నట్టు కాసేపు అక్కడే ఉంది. తర్వాత మల్బరీ తోటలోకి వెళ్ళి పడింది. నా నోట ప్రార్థన కూడా రాలేదు. అంత బలం ఎవరిదో చూస్తున్నానన్న ఆశ్చర్యమే, నోరు తెరిచి అలాగే నిలబడ్డాను.

వాన తగ్గీ తగ్గకముందే వీధంతా అక్క షెడ్డులో ఉంది. వాళ్ళ ఇళ్ళ కప్పులు నిలిచాయి, వాళ్ళ పిల్లకాయలు చిన్నవి, ఇంకా మూడో జ్వరంలో ఉన్నాయి. ఒకరు టార్పాలిన్ తెచ్చారు, ఒకరు పొడి గోనెలు తెచ్చారు. పక్కింటి అవ్వ తన ఇంట్లో దాచిన పొడి ఆకంతా తట్టలో పెట్టుకుని వచ్చింది. అక్క తోటలో ఆకన్నది మిగల్లేదు, వడగళ్ళు కొమ్మల్ని గీరి వదిలాయి; ఊరికి అవతలున్న మిగతావాళ్ళ తోటలకు అంత దెబ్బ తగల్లేదు. తడిసిన పురుగులను ఒక్కొక్కటీ వేళ్ళతో ఎత్తి పొడి గోనె మీద పెట్టాం. నేనూ పెట్టాను. చల్లగా, అరటిపండు తొక్కలా ఉన్నాయి. అవ్వ తెచ్చిన ఆకు వేస్తే తల తిప్పుకున్నాయి. అక్క ఆకు సర్ది మళ్ళీ వేసింది.

తెల్లారాక నష్టపరిహారం మాట వచ్చింది. గాలివానకు పంట పోయినవాళ్ళకు సర్కారు ఇస్తుందని, పట్టుపురుగులకూ ఇస్తుందని అందరికీ తెలుసు. పట్టు శాఖ ఆఫీసుకు ఫోను చేసే పని నా మీద పడింది. కన్నడంలో గట్టిగా మాట్లాడగలను, గట్టిగా అన్నది నా ప్రత్యేకత. సర్వేకి వచ్చే సారు ఫోనెత్తాడు. మర్యాదగానే మాట్లాడాడు. ఏదీ కదపొద్దన్నాడు. చచ్చిన పురుగు అరల మీద ఉన్నది ఉన్నట్టు కనబడాలి, తాను వచ్చి చూసి అక్కడే ఫోటో తీసుకోవాలి, రేపు తప్పకుండా వస్తానన్నాడు. ఆ మాటే అక్కకు చెప్పాను. అక్క, బావ ఇద్దరూ తల ఊపారు. ఆ పరిహారం వస్తే రేకులు వేయించి మళ్ళీ పురుగు తెచ్చుకోవచ్చు. రాకపోతే షెడ్డు మూసేసి, ఇద్దరూ కంపెనీ బస్సెక్కి వేమగల్ ఫ్యాక్టరీల్లో పనికి పోవాల్సిందే. అక్క ఈ ఇంటికి కోడలుగా వచ్చిన నాటినుంచి ఒక్క పంట కూడా తప్పలేదట.

ఆ సాయంత్రానికి పురుగులు మెత్తబడ్డాయి. దాన్ని ఆ పక్క సప్పె రోగం అంటారు. పురుగు ఒళ్ళు వదులై, నల్లబడి, నోట్లోంచి నీళ్ళు కారి చచ్చిపోతుంది. మర్నాటికి షెడ్డులో సగానికి పైగా అంతే. వాసన మొదలైంది. సారు రాలేదు. ఫోను చేస్తే దారిలో చెట్లు పడ్డాయని, తన కింద ఎన్నో పల్లెలున్నాయని, ఎల్లుండి వస్తానని చెప్పాడు. అబద్ధం చెప్పినట్టు లేదు. చేతిలో ఫోను పట్టుకుని ఎవరిని తిట్టాలో తెలియక నిలబడ్డాను.

సప్పె ఒక ఇంట్లో ఆగే రోగం కాదు. మనిషి కాలితో పోతుంది, ఈగతో పోతుంది, గాలిలో దుమ్ముతో పోతుంది. అందుకే ఆ వీధిలో ఒక కట్టుబాటు ఉంది. పంట పోయిన ఇల్లు అదే రోజు పొద్దుగూకకముందు చచ్చిన పురుగునంతా దూరంగా గుంత తీసి, సున్నం వేసి పూడ్చెయ్యాలి. షెడ్డు కడిగి సున్నం కొట్టాలి. మిగతా ఇళ్ళ పిల్లకాయలు గూళ్ళు కట్టేదాకా ఆ ఇంటివాళ్ళు ఎవరి పురుగుల ఇంటి గడపా తొక్కకూడదు. ఎంత పోయిందని వాళ్ళను ఎవరూ అడగకూడదు. ఇవన్నీ నాకు అవ్వ అంతకుముందెప్పుడో చెప్పింది.

ఆ రెండు రోజులూ ఆ కట్టుబాటు ఆగిపోయింది. వీధిలో ప్రతి ఇంట్లో పురుగులున్నాయి, షెడ్డు వైపు పోతే చాలు ఆ వాసన తెలుస్తోంది. అవ్వ తన గడపలో నిలబడి అక్క షెడ్డు వైపు చూసేది, లోపలికి పోయేది. మళ్ళీ వచ్చి చూసేది. ఒక్కరంటే ఒక్కరు కూడా వచ్చి, ఇంకా ఎందుకు తియ్యలేదని అడగలేదు. సారు వచ్చి చూస్తేనే అక్కకు నాలుగు డబ్బులొస్తాయని వాళ్ళకు తెలుసు. వాళ్ళ బతుకులు అరల మీద జ్వరంలో పడి ఉన్నాయి, అయినా నోరు విప్పలేదు. మా లైన్లలో కుళాయి దగ్గర బిందె ముందుకు జరిపితేనే పానిపట్టు యుద్ధం జరిగేది. ఈ మనుషులేమిటో నాకు అంతుబట్టలేదు.

మూడో రోజు మధ్యాహ్నం గాలి తిరిగింది. అప్పటిదాకా షెడ్డు నుంచి పొలాల వైపు వీచేది, ఇప్పుడు పొలాల నుంచి వీధిలోకి మళ్ళింది. గాలి తిరగడం నాకు వెంటనే తెలుస్తుంది. మా ఊళ్ళో సైనైడ్ దిబ్బలున్నాయి, గని నుంచి తీసిన మట్టి గుట్టలు. గాలి ఇటు తిరిగిందంటే అమ్మ పరుగెత్తి అన్నం గిన్నెల మీద మూతలు పెట్టేది. మిషను ఆపి బయటికి వచ్చాను. అక్క అప్పటికే షెడ్డు ముందు నిలబడి ఉంది. ముఖాన గాలి తగిలేలా నిలబడి, తర్వాత వీధి వైపు తిరిగింది. వీధిలో ఒక్కో ఇంటినీ చూసింది. జుట్టు ముడి వేసుకుని, కొంగు నడుముకు దోపుకుని, బావను పార తెమ్మంది.

నేను అడ్డం పడ్డాను. పడకుండా ఉంటానా? సారు ఏదీ కదపొద్దన్నాడు కదా, ఇన్ని రోజులు ఓర్చి ఒక్క రోజు ఓర్వలేవా, పరిహారం పోతే వేమగల్ బస్సే గతి కదా అని అరిచాను. కనీసం ఒక అర ఉంచమన్నాను, ఒక డబ్బాలో వేసి మూత పెడదామన్నాను. ఒక్క పురుగులో ఉన్న రోగం చాలు అని ఆమె తల అడ్డంగా ఊపింది. అయినా నేను వదల్లేదు. అప్పుడు అక్క నా రెండు భుజాలూ పట్టుకుంది.

"సారు రేపు వస్తాడో ఎల్లుండి వస్తాడో. గాలి ఈ పొద్దే వచ్చేసింది పాపా. దాన్ని నిలపమని నేను ఎవరికి ఫోను చేసేది?"

మిగిలిందొక్కటే అనిపించి, నా ఫోనుతో షెడ్డునీ అరల్నీ చచ్చిన పురుగుల్నీ అన్ని వైపులనుంచీ ఫోటోలు తీశాను. తర్వాత తట్టలు మోశాను. తోట అవతలి చివర, వీధికి ఎంత దూరం వీలైతే అంత దూరంలో బావ గుంత తీశాడు. పురుగు ఒక వరస, సున్నం ఒక వరస. ఇంకా కొన ఊపిరితో తల కదిలిస్తున్నవీ ఉన్నాయి. వాటిని వెయ్యబోయి అక్క చెయ్యి ఆగిపోయింది. కాసేపు అరచేతిలో పెట్టుకుని చూసింది. కళ్ళు మూసుకుని వేసేసింది. పూడ్చాక అక్కడే బోరు దగ్గర తలస్నానం చేసి, తడి చీరతోనే షెడ్డు కడగడం మొదలుపెట్టింది. నేను ఇంటికొచ్చి గదిలో కూర్చుని గట్టిగా ఏడ్చాను. బాధతోనే ఏడ్చానా అంటే చెప్పలేను. చాలా పెద్దదేదో నా కళ్ళముందు జరిగింది, దాని ముందు నిలబడి ఉన్నాను, అది మాత్రం తెలుసు.

సారు చెప్పిన ఆ ఎల్లుండికీ రాలేదు. మేమే ఆఫీసుకు పోయాం. ఒకసారి మీటింగన్నారు, ఒకసారి సర్వరు లేదన్నారు, ఒకసారి ఈ పల్లె ఇంకో సారు కిందికి మారిందన్నారు, మళ్ళీ పోతే మారలేదన్నారు. నా నోటికి పని పడింది. ఆఫీసులో ఫ్యాన్లు తిరగడం ఆపి వినేంత గట్టిగా అరిచాను. అక్క వెనకనుంచి నా చీర లాగుతూనే ఉంది. బస్సులో తిరిగొస్తుంటే, నా నోటికి భయపడే ఆ సారు మన ఊరు దిక్కు రావడం లేదని నవ్వింది. ఆ స్థితిలో నవ్వడం ఆమెకే చెల్లింది. రెండు ఆదివారాలు గడిచాయి. కప్పు లేని షెడ్డు సున్నం కొట్టుకుని తెల్లగా, పళ్ళూడిన నోరులా తెరుచుకుని ఉండేది. వీధిలో మిగతా ఇళ్ళ పిల్లకాయలు నాలుగో జ్వరం లేచాయి. రాత్రీ పగలూ ఆకులు మోసే జనం. అక్క కట్టుబాటు ప్రకారం ఎవరి గడపా తొక్కలేదు. తోటలో మళ్ళీ చిగురించిన ఆకు కోసి, వాళ్ళ వాకిళ్ళకు దూరంగా పెట్టి వచ్చేది.

ఒక పొద్దున సారు ఫోను చేసి బయలుదేరానన్నాడు. నేను పరుగున పోయి చూస్తే, అక్క షెడ్డు ముందు కళ్ళాపి చల్లి, ఇంత పెద్ద ముగ్గు వేస్తోంది. బావ ఇస్త్రీ చొక్కా తొడుక్కుని, చెదిరిన రేకు ముక్కలన్నీ ఏరి ఒక మూల అందంగా పేర్చాడు. నాకు నవ్వాలో ఏడవాలో తెలియలేదు.

"పెళ్ళిచూపులా అక్కా ఇది? నష్టం చూడడానికి వస్తున్నాడు ఆయన," అన్నాను.

పెద్దమనిషి వస్తుంటే వాకిలి పాడుగా ఉంచుతారా అని ఆమె నన్నే అడిగింది.

సారు కుర్రవాడు. ఎండకు ముఖం కందిపోయి, బైకు మీద వచ్చాడు. ముగ్గు తొక్కకుండా పక్కనుంచి నడిచాడు, అది నాకు నచ్చింది. షెడ్డు చూశాడు. కప్పు లేదని రాసుకున్నాడు. పురుగులేవని అడిగాడు. పూడ్చిన సంగతి నేను చెప్పాను, నా ఫోనులో ఫోటోలు చూపించాను. చూసి నిట్టూర్చాడు. తన ఫోనులో అక్కడికక్కడ తీసిన ఫోటోయే ఎక్కుతుందట, వేరేవాళ్ళు తీసింది ఎక్కదట. ఈ శుభ్రమైన షెడ్డు ఫోటో తీస్తే పంట నష్టం లేదనే పడుతుందట. నాలో కోపం లేచింది గానీ అతని ముఖం చూస్తే తిట్టబుద్ధి కాలేదు. కాసేపు ఆలోచించి, అతనే ఒక దారి చెప్పాడు.

"గుంత యాడ తీసినారో చూపించండమ్మా. కొంచెం పైన మట్టి తీస్తే సాలు. ఒక్క ఫోటో తీసుకుంటాను, నేను రాసి పంపిస్తాను."

బావ పార కోసం లేచాడు. నాకు ప్రాణం లేచొచ్చింది. ఇంతలో అక్క చెయ్యి అడ్డం పెట్టింది. వీధిలో జనం గుమిగూడారు. అవ్వ ఇంట్లో పిల్లకాయలు చంద్రికలెక్కి గూళ్ళు కడుతున్నాయి, అవతలి ఇళ్ళలో ఇంకా మేతలోనే ఉన్నాయి. గుంత తెరిస్తే ఏమవుతుందో అక్కడున్న అందరికీ తెలుసు. అయినా అవ్వే ముందుకొచ్చింది.

"తవ్వు కోడలా. మా సంగతి వదిలెయ్. దేవుడుండాడు, ఏం కాదు. నీ లెక్క నీకు రావల్ల కదా," అంది.

మిగతావాళ్ళు కూడా తవ్వమన్నారు. ఒకాయన తానే పార అందుకోబోయాడు. ఆ మాట వాళ్ళ నోట ఎలా వచ్చిందో నాకు ఇప్పటికీ ఆశ్చర్యమే. ఇంటిల్లిపాది తిండి అరల మీద పెట్టుకుని, తవ్వమంటున్నారు. అక్క వాళ్ళందరినీ ఒకసారి చూసింది. నేను అక్కను చూశాను. ఒప్పుకో అక్కా, ఒక్కసారి ఒప్పుకో అని లోపల ప్రార్థిస్తున్నాను, ఒప్పుకోదని నాకు తెలుస్తూనే ఉంది.

"వద్దు సారూ. గుంత తియ్యను," అంది అక్క. "పోయింది ఏందో చూడాల్నంటే రండి, చూపిస్తాను."

ఆమె ముందు నడిచింది. సారు, నేను, వెనక వీధి అంతా. అవ్వ ఇంటి ముందు అక్క ఆగి, ఆ కుర్రవాడి బూట్లు విప్పించి, చెంబుతో నీళ్ళు తీసి అతని కాళ్ళ మీద, నా కాళ్ళ మీద తనే పోసింది. అతనికి ఏమీ అర్థం కాలేదు. అక్క గడపకు రెండడుగుల ఇవతలే ఆగిపోయింది.

"నేను లోపలికి రాకూడదు సారూ. మీరు పోండి. పాప చూపిస్తాది. నాకు పోయింది ఏందో, అది లోపల ఉండాది. ఫోటో తియ్యాల్నంటే దాన్నే తియ్యండి."

లోపల గది సగం చీకటిగా ఉంది. గోడల పొడుగునా చంద్రికలు ఆనించి ఉన్నాయి, ప్రతి చంద్రికలో ప్రతి సందులో ఒక గూడు. కొన్ని అప్పటికే గట్టిపడి పసుపు రంగు తేలాయి. కొన్నింటి గోడ ఇంకా పలచగా ఉంది, లోపల పురుగు తల అటూ ఇటూ తిప్పుతూ తన చుట్టూ దారం చుట్టుకుంటోంది, వెలుగుకు ఆ కదలిక కనిపిస్తోంది. ఒక్క చచ్చిన పురుగు లేదు. ఒక్క మచ్చ లేదు. ఇన్ని ఇళ్ళ పిల్లకాయలు ఇలా దారం తియ్యాలని ఒక ఇల్లు తన పంటను తన చేతులతో పూడ్చుకుంది. నేను చర్చిలో పెరిగినదాన్ని. మోకాళ్ళూనాలని అంత బలంగా నాకు ఎప్పుడూ అనిపించలేదు.

సారు ఫోను పైకెత్తాడు. కొంచెంసేపు అలాగే పట్టుకుని, దించేశాడు. దీన్ని ఎక్కించడానికి ఇందులో చోటు లేదమ్మా అన్నాడు నాతో, మెల్లగా, తప్పు తనదే అన్నట్టు. కప్పు నష్టం వరకు రాస్తానన్నాడు. రాశాడు కూడా. అది మంజూరయిందనే అంటున్నారు, ఇంకా రాలేదు. అక్క, బావ ఇప్పుడు పొద్దున కంపెనీ బస్సెక్కి వేమగల్ పోతున్నారు.

ఆ రోజు మేం బయటికి వచ్చేటప్పటికి వీధి వీధంతా అక్కడే నిలబడి ఉంది. సారు అక్కకు నమస్కారం పెట్టి బైకు దగ్గరికి వెళ్ళిపోయాడు. అక్క అతని వైపు చూడలేదు. అవ్వ ఇంటి గడప దగ్గర, తొక్కకూడని ఆ రెండడుగుల ఇవతలే, లోపలి చీకటిలోకి మెడ చాచి చూస్తోంది. అక్కడినుంచి ఆమెకు ఏమీ కనిపించడం లేదు. నా చెయ్యి పట్టుకుని దగ్గరికి లాక్కుంది.

"గూళ్ళు బాగా కట్టినాయా పాపా?" అని అడిగింది.